తోమా కొండ నుంచి గుండ్లకమ్మ దాకా

చెన్నై విమానాశ్రయానికి దగ్గరలోనే మూడు వందల అడుగుల గుట్ట ఒకటుంది. తమిళులు పరంగిమలై అంటారు, రైల్వే స్టేషను బోర్డు మీద సెయింట్ థామస్ మౌంట్ అని ఉంటుంది. యేసు శిష్యుడైన తోమా క్రీస్తుశకం 72లో ఈ గుట్ట మీదే బల్లెపు పోటుకు ప్రాణం విడిచాడని తరతరాల నమ్మకం. వాహనాలకు వేరే దారి ఉన్నా నేను మెట్లదారి పట్టాను. ఖోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మీనియా వర్తకుడు 1726లో సొంత డబ్బు పెట్టి కట్టించిన మెట్లవి. అడయారు నది మీద సైదాపేట దగ్గర వంతెన వేయించిందీ ఆయనే. మెట్ల పొడుగునా సిలువ మార్గపు మజిలీలు ఉన్నాయి. జులై మొదటి వారం, తోమా పండుగ రోజులు. చెప్పులు చేత పట్టుకుని ఎక్కుతున్న కుటుంబాల్లో తమిళం, మలయాళంతో పాటు మన నెల్లూరు యాస కూడా వినబడింది.

పైన ఉన్న చర్చి 1523లో పోర్చుగీసువాళ్లు కట్టింది. బలిపీఠం వెనక గోడలో నల్లరాతి సిలువ ఉంది. దాని చుట్టూ పహ్లవీ లిపిలో, అంటే పాతకాలపు పారశీక లిపిలో, ఒక వరస అక్షరాలు. 1547లో ఇక్కడ తవ్వుతుంటే బయటపడిందంటారు. తోమా తన చేత్తోనే ఈ సిలువ చెక్కాడని భక్తులు నమ్ముతారు. ఆ లిపి తోమా తర్వాత కొన్ని వందల ఏళ్లకు వచ్చినదని పండితులు తేల్చారు. ఆ సంగతి తెలిసే నేను కొండెక్కాను. సందేహపడిన శిష్యుడి పేరున్న చోటుకి సందేహంతో రావడానికి మొహమాటపడక్కర్లేదనిపించింది.

నా సందేహం ఎక్కడిదో చెప్పాలి. 2021 మే నెలలో మా చెల్లెలు కరోనాతో పోయింది. సంఘమంతా రాత్రింబవళ్లు చైన్ ప్రేయర్ పెట్టుకుంది. మా అమ్మ ఉపవాసముంది. ఆక్సిజన్ స్థాయి కాస్త పెరిగిందని తెలిసిన రోజున అందరం స్తోత్రం చెప్పుకున్నాం. మూడోనాటికి మనిషి లేదు. ఆదరణ కూడికలో మాట్లాడటానికొచ్చిన ఒక ప్రసంగీకుడు, ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువై ఉంటుందనీ, అందుకే దేవుడు ఆ ప్రార్థన ఆలకించలేదనీ అన్నాడు. అమ్మ తల దించుకుంది. ఆ మాట నాలో ఏదో తెంపేసింది. ఆదివారం గుడికి వెళ్లడం మానలేదు గానీ పాట పాడేటప్పుడు నా గొంతు లేచేది కాదు. చెల్లెలి కూతురు అప్పటికి చిన్నది. అమ్మ కోసం అంత ప్రార్థన చేశాం కదా మామయ్యా, మరి? అని అడిగేది. నేను మాట మార్చేవాణ్ణి.

దానికంటే పాత సందేహం ఇంకొకటుంది. మాది కనిగిరి వైపు బాప్టిస్టు కుటుంబం. బళ్లో చదివే రోజుల్లో, గంజి కోసం మతంలో కలిసినోళ్లని తోటి పిల్లలు అనేవారు. ఇంటికొచ్చి అడిగితే నాయనమ్మ సమాధానం చెప్పేది కాదు, అన్నం పెట్టేది. పెద్దయ్యాక చదివిన పుస్తకాల్లోనూ 1876 నాటి ధాత కరువు, కరువు కూలి, వేలాది బాప్తిస్మాలు ఒకే పేజీలో కనబడేవి. మా ముత్తాతల విశ్వాసమే ఆకలిలోంచి పుట్టిన బేరమైతే, నేను ఇన్నాళ్లూ దేన్ని పట్టుకుని నిలబడ్డట్టు? చెల్లెలు పోయాక ఈ రెండు ప్రశ్నలూ కలిసిపోయాయి. అందుకే ఈ ప్రయాణాన్ని తోమా దగ్గర మొదలుపెట్టి ఒంగోలు మీదుగా, ఆ బాప్తిస్మాలు జరిగిన గుండ్లకమ్మ నది దాకా సాగించాలనుకున్నాను.

మా సంఘాల్లో తోమా పేరు ఈస్టరు తర్వాత ఒకసారి వస్తుంది, అదీ మందలింపుగానే. ఆయనలా ఉండకూడదని చెప్పి ముగిస్తారు. కొండ మీద వేపచెట్టు కింద కూర్చుని యోహాను సువార్త మళ్లీ చదివాను. లాజరు చనిపోయినప్పుడు యూదయకు తిరిగి వెళ్తే రాళ్లతో కొడతారని శిష్యులంతా భయపడుతుంటే, ఆయనతో పాటు మనమూ పోయి చద్దాం పదండని అన్నవాడు తోమా. కడరాత్రి భోజనం దగ్గర యేసు తాను వెళ్లే చోటు గురించి చెబుతుంటే, నువ్వు ఎక్కడికి పోతున్నావో మాకు తెలియదు, దారి ఎలా తెలుస్తుందని అడిగిందీ ఆయనే. తెలియనిది తెలిసినట్టు తలూపడం ఆయనకు చేతకాదు. ఇక ఇరవయ్యో అధ్యాయం. గాయాలు చూస్తేగానీ నమ్మనన్నాడని ఆయన్ని తప్పుపడతాం. కానీ దానికి కొన్ని వచనాల ముందే మిగతా శిష్యులకు యేసు తన చేతులూ పక్కా చూపించాడు, చూశాకే వాళ్లు సంతోషపడ్డారు. తోమా అడిగింది వాళ్లకు దొరికినదే, ఎక్కువేం కాదు. అంతకుముందు ఆడవాళ్లు సమాధి దగ్గర నుంచి పరుగున వచ్చి చెబితే ఈ శిష్యులే వెర్రిమాటలని కొట్టేశారని లూకా రాశాడు.

ఇంకో సంగతి నన్ను చాలాసేపు అక్కడే కూర్చోబెట్టింది. నమ్మనని చెప్పిన ఎనిమిది రోజుల తర్వాత కూడా తోమా ఆ ఇంట్లోనే, ఆ మనుషుల మధ్యే ఉన్నాడు. ఆయన వెళ్లిపోలేదు, వాళ్లు వెళ్లగొట్టలేదు. విశ్వాసం తక్కువని ఎవరూ ఆయన్ని నిలదీసినట్టు రాయలేదు. యేసు వచ్చి, వేలు చాపమని అన్నాడు. తోమా నిజంగా ముట్టుకున్నాడో లేదో సువార్త చెప్పదు. మరణాన్ని గెలిచి లేచిన ఒంటి మీద గాయాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని మాన్పుకుని రావడం ఆయనకు ఒక లెక్కా? మాన్పుకోలేదు. నమ్మలేకపోతున్నవాడికి చూపించడానికి ఆయన దగ్గర ఉన్నవి ఆ గాయాలే. చెల్లెలు పోయిన తర్వాత నాకు అర్థమైన మొదటి వాక్యభాగం ఇది.

మర్నాడు శాంతోమ్ చర్చికి వెళ్లాను. బ్రిటిష్ వాళ్లు 1896లో తిరిగి కట్టి పూర్తిచేసిన తెల్లటి గోపురం సముద్రపు ఎండలో మెరుస్తోంది. కింద గదిలో తోమా సమాధి. 1986లో పోపు రెండవ జాన్ పాల్ కూడా ఇక్కడికి వచ్చి ప్రార్థన చేశారు. చరిత్ర ఇక్కడా అంత తేలిగ్గా ఒప్పుకోదు. తోమా ఎముకలు చాలా ముందే ఎదెస్సాకు, అక్కడి నుంచి కియోస్ దీవికి, చివరకు ఇటలీలోని ఒర్తోనాకు చేరాయని మరో సంప్రదాయం. అయినా 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ తీరం గురించి రాసేనాటికే యాత్రికులు ఈ సమాధిని వెతుక్కుంటూ వస్తున్నారు. ఎవరి ఎముకలు ఎక్కడున్నాయన్న దాని మీద నా విశ్వాసం ఆధారపడి లేదని అక్కడ మోకరించినప్పుడు స్పష్టంగా తెలిసింది. ఇన్నేళ్లలో మొదటిసారి చెల్లెలి పేరు చెప్పి ప్రార్థించగలిగాను. అది ఫిర్యాదో మొరో నాకే తెలియదు, రెండూ అయుంటుంది.

అక్కడి నుంచి మైలాపూరు వైపు నడుస్తూ తిరుమయిలై స్టేషను చేరాను. పైన రైలు కట్ట, దాని స్తంభాల మధ్య నల్లగా కదలని నీళ్లు. అదే బకింగ్‌హామ్ కాలువ. ఆంధ్ర తీరంలోని పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సాగే కాలువలో ఇదొక ముక్క. చెన్నై నగరం మధ్యలో అడయారునూ కూవాన్నీ కలిపిన ఈ భాగాన్ని 1877-78లో కరువు కూలీల చేత తవ్వించారు. అదే కరువులో, ఇదే కాలువ మీద, ఒంగోలు దగ్గర మా ముత్తాతలు తట్టలు మోశారు. తోమా సమాధి పక్క నుంచే మా ఊరి కథకు దారి ఉంది.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఎదురు సీట్లో కావలి దాకా వెళ్లే ముసలమ్మ కూర్చుంది. చెన్నైలో గుండె పరీక్షలు చేయించుకుని తిరిగి వెళ్తోంది. గూడూరు దాటాక పులిహోర పొట్లం విప్పి, కళ్లు మూసుకుని పెదాలు కదిపి, నాకూ కాస్త పెట్టింది. మాటల్లో చెల్లెలి సంగతి వచ్చింది. ఆమెకూ ఒక కొడుకు పోయాడట, బావిలో పడి. "దేవుణ్ణి అడిగావామ్మా ఎందుకని?" అన్నాను.

"అడక్కుండా ఎట్టుంటా నాయనా? రోజూ అడుగుతా. కడుపున పుట్టినోళ్లు మనల్ని అడగరా? అడిగినోణ్ణి ఇంట్లోంచి తోస్తామా?" అని, కిటికీలోంచి నెల్లూరు వస్తోందేమో చూసుకుంది.

నెల్లూరు మా కథలో ముఖ్యమైన ఊరు. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో ఇక్కడ స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఈ మిషన్ ఎత్తేద్దామా అని పంపినవాళ్లే ఒకటికి రెండుసార్లు చర్చించుకున్నారు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో, పటం మీద ఒంటరి చుక్కలా మిగిలిన నెల్లూరును ఉంచాలా వదిలేయాలా అన్న చర్చ నడిచింది. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఆ ఒంటరి నక్షత్రం మీద పద్యం రాసి మర్నాడు వినిపించాక, సభ మనసు మారిందంటారు. లోన్ స్టార్ మిషన్ అన్న పేరు అప్పటిది. మా విశ్వాసానికి పునాది వేసినవాళ్లే, ఇదంతా దండగేమోనని ఇన్నిసార్లు అనుకున్నారని మాకు ఆదివారపు బడిలో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. సందేహం వచ్చిన పిల్లలు తాము ఒంటరివాళ్లమని అనుకోకుండా ఉండేవారు.

ఒంగోలులో తెల్లవారుజామునే ప్రేయర్ మీట్ కొండ ఎక్కాను. 1854 జనవరి 1న పొద్దు పొడిచే వేళ ఐదుగురు ఇక్కడికి వచ్చారు. మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, తెలుగు క్రైస్తవులు జూలియా, రూతు, నర్సు. మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డ మిషన్ తాలూకు ఐదుగురు, ఒక్క విశ్వాసి లేని ఊరిని పైనుంచి చూస్తూ, ఇక్కడికో మనిషిని పంపమని దేవుణ్ణి అడిగారు. ఆ మనిషి, జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టేసరికి 1866 అయింది. మధ్యలో పన్నెండేళ్లు! ఆ పన్నెండేళ్లలో ఒక్కో జనవరి ఒకటినా వాళ్ల మనసుల్లో ఏముండేదో పుస్తకాల్లో లేదు. కొండ మీద కూర్చుని నేను ఆలోచించింది ఆ ఖాళీ గురించే. ప్రార్థన చేసిన మూడోనాటికి జవాబు కావాలనుకున్నవాణ్ణి నేను.

క్లౌ వచ్చిన కొత్తల్లో జరిగిన ఒక సంగతి ఒంగోలు సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద కులాల వాళ్లు కొందరు క్రీస్తును తెలుసుకోవాలని వచ్చారు. అదే సమయంలో మాదిగలు కూడా రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రాం అన్నారు పెద్దకులాల వాళ్లు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిచారు. ఒకరికి తెలియకుండా ఒకరికి కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం తగిలింది, దేవుడు లోకంలో తక్కువగా చూడబడేవాళ్లనే ఎన్నుకున్నాడన్న భాగం. తలుపు మాదిగలకు తెరుచుకుంది. వాళ్లలో ముందు నడిచినవాడు యర్రగుంట్ల పేరయ్య. క్రీస్తు గురించి వినకముందే రాజయోగం సాధన చేస్తూ నిజం కోసం ఊరూరా వెతికిన మనిషి, తోళ్ల వ్యాపారి. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అది కరువుకు పదేళ్ల ముందు. ఏ గంజి కోసం వచ్చాడాయన?

ఇంత చరిత్ర ఉన్న చోట, కులం బయటే ఆగిందని చెప్పగలిగితే బాగుండేది. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో కులం పేరు కనబడుతూనే ఉంది. కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు కూడా వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, క్రైస్తవుడినని కాగితం మీద రాస్తే దళితుడికి షెడ్యూల్డు కులాల హక్కులు పోతాయి. విశ్వాసాన్ని దాచుకుని బతికే యువకులు నాకు తెలుసు. వాళ్ల సందేహాలకు జవాబు ప్రసంగాల్లో దొరకదు, సంఘం వాళ్ల పక్కన నిలబడితే దొరుకుతుంది.

మా ముత్తాతలు తట్టలు మోసిన కాలువ చూద్దామని కొత్తపట్నం బస్సెక్కాను. సముద్రానికి ఇవతల, సరుగుడు తోటలూ రొయ్యల చెరువులూ దాటాక కాలువ కనబడింది. ఒకప్పుడు ఉప్పు పడవలూ కట్టెల పడవలూ తిరిగిన దారిలో ఇప్పుడు గుర్రపుడెక్క, తుంగ. గట్టు మీద నిలబడితే తవ్విపోసిన మట్టి ఎంతో అర్థమవుతుంది. 1876లో వానలు ముఖం చాటేశాక దక్షిణాదిన వచ్చిన కరువులో చనిపోయినవాళ్లు యాభై లక్షలకు పైనేనని అంచనా. ప్రభుత్వం తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్ పనికొచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలూ ఒక అణా చాలన్నాడు. రోజంతా గడ్డపలుగు పట్టే మనిషికి అరకిలో కూడా లేని గింజలు!

మిషనరీ కాకముందు అమెరికాలో భూములు సర్వే చేసిన క్లౌకు కొలతల పని తెలుసు. కాలువలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని శిబిరం పెట్టాడు. ఆయన బోధకులే మేస్త్రీలు. వేరే చోట్ల కూలీలకు దెబ్బలు పడుతుంటే ఇక్కడ కూలి సరిగ్గా అందేది, పేరు పెట్టి పిలిచేవాళ్లుండేవారు. పొద్దుగూకాక బోధకుల చుట్టూ చేరి జనం వినేవారు. ఎన్నో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. తిండి కోసం అడుగుతున్నారేమోనని ఆయన సందేహం. ఒక నెలా రెండు నెలలూ కాదు, ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. మా బళ్లో పిల్లలు మమ్మల్ని అడిగిన ప్రశ్న, మా ముత్తాతలకు వాళ్ల దొరే ముందుగా వేశాడన్నమాట! పని అయిపోయింది, కరువు సాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పి పంపేశాక, 1878 జూన్‌లో వాళ్లు తిరిగి వచ్చారు. మా చేతులు తట్టలు మోసి కాయలు కాశాయి, మాకేమీ ఇవ్వొద్దు, బాప్తిస్మం ఒక్కటివ్వమన్నారు.

ఆ రావడం వెల్లంపల్లికి. ఒంగోలుకు ఉత్తరంగా, గుండ్లకమ్మ ఒడ్డున. 1878 జులై 3న ఒక్కరోజే అక్కడ 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ పొద్దుపోయేదాకా నీళ్లలో నిలబడ్డారు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. ఇవాళ కేథలిక్కుల కేలండరులో జులై 3 తోమా పండుగ. బాప్టిస్టులకు పునీతుల పండుగలు లేవు, పైగా అప్పట్లో ఆ పండుగ డిసెంబరులో ఉండేది. అయినా తోమా కొండ దిగి వచ్చిన నాకు ఆ తేదీ కళ్లబడగానే సంతోషం కలిగింది.

నేను వెళ్లేసరికి నదిలో నీళ్లు ఒక పాయగా ఉన్నాయి. ఎగువన మల్లవరం దగ్గర జలాశయం కట్టారు కదా. గట్టు మీద గేదెలు మేపుతున్న పెద్దాయన్ని పలకరించాను. తన తాతకు తాత ఇక్కడే మునిగాడని చెప్పాడు.

"గంజి కోసం మునిగారంటారు కదా పెద్దయ్యా," అన్నాను. అడగటానికే గదా ఇంత దూరం వచ్చాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "గంజి కాలవ కాడే అయిపోయె గదయ్యా. మునిగేనాటికి గంజి యాడిది? మునిగినాక వచ్చినయ్యి దెబ్బలు. ఆదివారం పనికి రాం అన్నారు, చచ్చిన గొడ్డు తినం అన్నారు, జాతరకు డప్పు కొట్టం అన్నారు. ఊరు ఊరుకుంటదా? బాయి కాడికి రానీలే. అయినా ఒక్కడూ ఎనక్కి పోలే మా ఇంట్లో."

ఈ మూడింటి గురించీ పుస్తకాల్లో చదివాను. ఆదివారం విశ్రాంతి, చచ్చిన పశువు మాంసం ముట్టకపోవడం, విగ్రహారాధన మానడం అన్నవి చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు. పల్లెలో మాదిగ బతుకు మొత్తం ఆ మూడింటితోనే ఊరికి కట్టేసి ఉండేది. వాటిని తెంచుకోవడం అంటే ఊరి కోపానికి ఎదురు నిలవడం. ఆకలి వాళ్లను ఆ మాట వినేలా చేసి ఉండొచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేముంది? యేసు కూడా కొండ మీద జనాన్ని కూర్చోబెట్టి ముందు రొట్టెలు పంచాడు. పిల్లల్ని పోగొట్టుకుని, ఒళ్లు ఎముకలగూడై, దేవుడు లేడనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్న మనుషులు తిండి ఆగిపోయాక నడిచి వచ్చారు. గాయాలున్న దేవుణ్ణి వాళ్లు పోల్చుకోగలిగారు, వాళ్లకూ గాయాలున్నాయి కాబట్టి. నాయనమ్మ నాకు జవాబు చెప్పకుండా అన్నం పెట్టిన సంగతి తలచుకుంటే ఇప్పుడు నాకు కొరతగా అనిపించదు.

చెల్లెలు ఎందుకు పోయిందో ఈ ప్రయాణంలో నాకు తెలియలేదు. ఆదరణ కూడికలో విన్న మాట మాత్రం అబద్ధమని తెలిసింది. మూడోనాడు జవాబు రాకపోతే విశ్వాసం తక్కువని ఆ కొండ మీది ఐదుగురికి ఎవరు చెప్పగలరు?

ఆ సాయంత్రం ఒంగోలులో, జ్యూయెట్ పేరున్న చర్చి ఆవరణలో కూర్చుని మేనకోడలికి ఫోన్ చేశాను. ఇప్పుడు తొమ్మిదో తరగతి. తోమా సిలువ, కాలువ, గేదెల పెద్దాయన అన్నీ చెప్పాను. అంతా విని, "మరి అమ్మ సంగతి?" అంది.

"నాకు తెలియదమ్మా," అన్నాను. "నువ్వే ఆయన్ని అడుగు. గట్టిగా అడుగు. అడిగినవాళ్లను ఆయన కోప్పడ్డట్టు బైబిల్లో నాకెక్కడా కనబడలేదు."

కాసేపాగి, జనవరి ఒకటిన ఆ కొండ మీదికి తననూ తీసుకెళ్తావా అని అడిగింది. అమ్మమ్మను కూడా తీసుకెళ్దాం, మోకాళ్ల నొప్పి కాబట్టి ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని ఎక్కిద్దాం అంది. ఆ రాత్రే టికెట్లు ఎప్పటి నుంచి ఇస్తారో చూశాను.